ఎవరికి తాబేదార్లం?

తెలుగు పత్రికల చేతికి బాగా అలవాటైన తిట్టు ఒకటుంది. తాబేదారు. సామ్రాజ్యవాదుల తాబేదార్లు, పెట్టుబడిదారుల తాబేదార్లు, ఢిల్లీ తాబేదార్లు. విప్లవ రచయిత రాసినా, సంప్రదాయవాది రాసినా ఈ మాట దగ్గర మాత్రం ఇద్దరికీ పేచీ లేదు. తాబేదారంటే సొంత బుర్ర లేనివాడు, ఎవరి ఉప్పు తింటే వాళ్ళ పాట పాడేవాడు, ఒకరి వాకిట్లో చేతులు కట్టుకుని నిలబడేవాడు. మా దగ్గరికి వచ్చేసరికి ఆ మాటకి ముందు ఒక దేశం పేరు వచ్చి చేరుతుంది. పాకిస్తాన్ తాబేదార్లు. దానికిక రుజువులు అక్కర్లేదు. క్రికెట్ మ్యాచ్ జరిగిన సాయంత్రం ఒక్కటి చాలు.

ఆ మాట మా ఇళ్ళలోంచి వచ్చింది. మా ఇంట్లో దానికున్న అర్థమేమిటో, మీ అచ్చులోకి ఎక్కేసరికి అది ఏమైపోయిందో చెప్పుకోవలసిన అవసరం మాకుంది. రెండు భాషల్లోనూ కలం పట్టి బతుకుతున్నవాళ్ళం కాబట్టి మాకే ఎక్కువ ఉంది.

అరబ్బీలో తే, బే, ఐన్ అనే మూడక్షరాల ధాతువు ఉంది. వెనక నడవడం దాని అర్థం. అందులోంచి పుట్టినదే 'తాబే', వెంట నడిచేవాడు. దానికి పారశీకపు 'దార్' తగిలిస్తే తాబేదార్. ప్రవక్త ముహమ్మద్ (స)ను కళ్ళారా చూసి, ఆయనతో కలిసి నడిచిన తరాన్ని మేము సహాబా అంటాం, సహచరులని. ఆయన్ని చూసే భాగ్యం లేకపోయినా, చూసినవాళ్ళ ముందు కూర్చుని నేర్చుకున్న తర్వాతి తరాన్ని తాబయీన్ అంటాం. వెంట నడిచినవాళ్ళని. మా మసీదుల్లో ఆ పేర్లు తలుచుకున్నప్పుడు గొంతు తగ్గించి, గౌరవంగా తలుచుకుంటారు.

వాళ్ళలో ఒకాయన మదీనాకు చెందిన సయీద్ ఇబ్న్ ముసయ్యబ్. తాబయీన్లలో అగ్రగణ్యుడంటారు. ఖలీఫా అబ్దుల్ మలిక్ తన కొడుకులకు ముందుగానే విధేయత ప్రకటించమని జనాన్ని అడిగించినప్పుడు ఆయన కాదన్నాడు. కొరడా దెబ్బలు తిన్నాడు, అయినా ఒప్పుకోలేదు. మా మాటలో తాబే అంటే ఆ మనిషి. సత్యం వెంట నడుస్తున్నాడు గనకనే సుల్తాను వెంట నడవనన్నవాడు. మీ మాటలో తాబేదారంటే సరిగ్గా దానికి తలకిందులు.

ఇందులో ఇంకో విడ్డూరం ఉంది. సహాబీ అనే మాట ఎక్కడ పుట్టిందో 'సాహిబ్' అనేదీ అక్కడే పుట్టింది. తోడున్నవాడని మొదటి అర్థం. తర్వాత యజమాని అయింది, దొర అయింది, ఉర్దూలో 'గారు' అయింది. తెలుగులోకి వచ్చి సాయిబు అయింది. గోదావరి జిల్లాల్లో "ఏవండీ సాయిబుగారూ" అని మర్యాదగా పిలిచేవాళ్ళున్నారు, కాదనం. ఆ 'గారు' కాస్తా జారిపోతే మిగిలేది కులం పేరు. గోడ కట్టే సాయిబు, అత్తరు సాయిబు, సైకిలు షాపు సాయిబు. మనిషికి పేరుండదు. అంటే మా మతంలో మొదటి తరానికీ రెండో తరానికీ ఉన్న రెండు పేర్లూ తెలుగులోకి వచ్చాయి. మొదటిది మమ్మల్ని వేరుగా నిలబెట్టడానికి పనికొచ్చింది, రెండోది ఎవర్నైనా తిట్టడానికి పనికొచ్చింది.

పరభాషా పదం తెలుగులోకి వస్తే అరిగిపోవడం సహజమే కదా, దానికింత రాద్ధాంతమెందుకంటారు. సహజమైతే అన్ని మాటలూ ఒకే రకంగా అరగాలి. 'రైతు' సంగతి చూడండి. అరబ్బీ 'రయ్యత్'లోంచి వచ్చింది. కాపరి కాసే మంద అని దాని మొదటి అర్థం, దాని మీద పాలితులు, ప్రజలు. సుల్తాను కింద పడి ఉన్నవాడన్నమాట. తాబేదారు కంటే పది మెట్లు దిగువన ఉన్న మాట. ఈవేళ తెలుగులో దానికంటే గౌరవమైన మాట ఉందా? రైతన్న, అన్నదాత, దేశానికి వెన్నెముక. కారణమేమంటే భూమి ఉన్నవాళ్ళు ఆ మాటని తమది చేసుకున్నారు. కౌలు, కిస్తు, పట్టా, జమాబందీ, దస్తావేజు, అర్జీ, ఫిర్యాదు, వకీలు - 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి డెల్టా అంతా పచ్చబడిన తర్వాత ఈ మాటల్లేకుండా ఇక్కడ ఒక్క ఎకరం చేతులు మారలేదు. కాలవ మీద తూము తలుపు ఎత్తి దించే మనిషిని ఇప్పటికీ లస్కరనే అంటారు. లష్కర్ అంటే సైన్యం. గోదావరి నీళ్ళు పొలంలోకి రావాలంటే ఒక పారశీక పదం తలుపు తియ్యాలి. పనికొచ్చిన చోట ఆ మాటలు తెలుగు మాటలే. వ్యాకరణం రాసేటప్పుడు మాత్రం వాటికి 'అన్యదేశ్యాలు' అని వేరే పంక్తి వేశారు. 1854లో సి.పి. బ్రౌన్ ఈ మాటలన్నీ ఏరి మిశ్ర భాషా నిఘంటువని విడిగా అచ్చు వేశాడు. ఆయన దొర, ఆయన కచేరీ అవసరం ఆయనది. మన పండితుల అవసరమేమిటో మాకు అర్థం కాదు. ఏడు వందల ఏళ్ళ తర్వాత కూడా మాట అన్యదేశ్యమే, మనిషీ అన్యదేశ్యుడే.

ఒకరి వెంట నడవడం తప్పని తెలుగువాళ్ళు అనుకుంటున్నారా అంటే అదీ లేదు. ఏ ప్రభుత్వాఫీసుకి అర్జీ పెట్టినా చివర్న ఏమని రాస్తాం? 'ఇట్లు, తమ విధేయుడు'. పాత ఉర్దూ ఉత్తరాల్లో అదే చోట 'ఆప్ కా తాబేదార్' అని రాసేవారు. రెండూ ఒకటే. ఒకటి మర్యాద, ఒకటి తిట్టు. రాముడి వెంట నడిచిన ఆంజనేయుడు రామబంటు. ఆ పేరు పిల్లలకు కథగా చెబుతారు. గోపన్న రామదాసు అయ్యాడు. దాసుడంటే బానిసే, అయినా అది బిరుదు. పార్టీ వెంట నడిస్తే కార్యకర్త. సినిమా హీరో వెంట నడిస్తే అభిమాని. గుడి చుట్టూ తిరిగితే భక్తుడు. అన్నిటికంటే పెద్దది ఒకటుంది. 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు గుమ్మటాల మీదికి ఎక్కి గునపాలు దించినవాళ్ళని మర్నాడు తెలుగు పత్రికలు ఏమని రాశాయి? కరసేవకులని. చేతులతో సేవ చేసేవాళ్ళని! సిక్కులు తమ గురుద్వారాల కొలనుల్లో పూడిక తియ్యడానికి వాడుకునే మాట అది. కూల్చడాన్ని సేవ అని రాయడానికి ఏ ఉపసంపాదకుడి కలమూ ఆగలేదు. ఆ కూల్చివేత చట్టాన్ని ఘోరంగా ఉల్లంఘించిన పని అని 2019 నవంబరు 9 తీర్పులో సుప్రీం కోర్టు కూడా రాసింది. ఆ తీర్పుతోనే స్థలం ఎవరికి వెళ్ళిందో అందరికీ తెలుసు. సేవకులన్న మాటని మాత్రం ఎవరూ దిద్దుకోలేదు.

తెలుగులో వెంట నడిచేవాడికి ఇన్ని పేర్లున్నాయి. ఎవరి వెంట నడుస్తున్నాడన్న దాన్ని బట్టి పేరు పడుతుంది. మాకు పడ్డ పేరు తాబేదారు.

ఇంతకీ ఎవరికి తాబేదార్లం? చరిత్ర తీసుకురండి, చూద్దాం. రాజమండ్రి పెద్ద మసీదు గుమ్మం మీద 1324 నాటి పారశీక శాసనం ఉంది. గియాసుద్దీన్ తుగ్లక్ కాలంలో సాలార్ ఉల్వీ అనే ఆయన కట్టించినట్టు అందులో ఉంది. అక్కడ గుడి ఉండేదన్న వాదం ఊళ్ళో ఉంది. ఊరి పేరు 2015లో రాజమహేంద్రవరంగా మార్చినప్పుడు కూడా ఈ కథ మళ్ళీ నోళ్ళలో నానింది. బాగుంది. ఆ సేనాధిపతి వచ్చిన నాటికి మా ముత్తాతలెక్కడున్నారు? చాలామంది ఈ గోదావరి ఒడ్డునే మగ్గం నేస్తూనో, దూది ఏకుతూనో, ఇంకొకరి పొలంలో పాలేరుతనం చేస్తూనో ఉన్నారు. దూదేకుల సాయిబులకి ఉర్దూ ముక్క రాదు. ఏ నవాబుకీ వాళ్ళు అల్లుళ్ళు కారు. ఏలూరులో తివాచీలు నేసిన చేతులు ఏ కోటనూ పట్టుకోలేదు. పల్లెల్లో వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని గడపలు మావి. వీళ్ళా తుగ్లక్ తాబేదార్లు?

నిజంగా తాబేదారీ చేసినవాళ్ళ జాబితా తియ్యాలంటే వేరే పేర్లు వస్తాయి. గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానాషా దగ్గర ప్రధాని మాదన్న, ఆయన అన్న అక్కన్న. సుల్తాను తరఫున పన్ను వసూలు చేసిన తాసీల్దారు కంచర్ల గోపన్న. ఆ డబ్బుతో గుడి కట్టి రామదాసు అయ్యాడు. 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలోనే ఉన్న భద్రాచలంలో, శ్రీరామనవమికి ప్రభుత్వం తరఫున ముత్యాల తలంబ్రాలు పంపే ఆనవాయితీ తానాషా నుంచే వచ్చిందని చెబుతారు. గోదావరి జిల్లాల జమీందారీలు గోల్కొండకి, తర్వాత నిజాముకి, ఆ తర్వాత కుంఫిణీకి పేష్కషు కట్టి నిలబడినవే. 1758లో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచివాళ్ళకీ ఇంగ్లీషువాళ్ళకీ యుద్ధం జరిగితే, విజయనగరం రాజు ఇంగ్లీషు సైన్యం పక్కన నిలబడ్డాడు. ఏడేళ్ళకి, 1765లో ఢిల్లీ పాదుషా ఫర్మానాతో ఉత్తర సర్కారులు కుంఫిణీ పరమయ్యాయి. వీళ్ళెవర్నీ మేము తిట్టడం లేదు. ఆ కాలపు రాజ్యం అలా నడిచింది. సుల్తానుల కొలువులో ఉన్న దివాను మహామంత్రి, సుల్తాను మొహమే చూడని నేతగాడి మనవడు తాబేదారు. ఈ లెక్క ఎవరు కట్టారో చెప్పండి, అంతే మా ప్రశ్న.

ఈ నేల మీదే ఇంకో రకం వెంట నడక కూడా ఉంది. ఇప్పటి కాకినాడ జిల్లాలో ఉన్న పిఠాపురంలో 1885లో ఉమర్ అలీషా పుట్టారు. తెలుగులో పద్యం రాశారు, నవలలు, నాటకాలు రాశారు, ఖయ్యాం రుబాయీలను తెలుగు చేశారు. కేంద్ర శాసనసభలో సభ్యులుగా ఉన్నారు. సూఫీ పీఠానికి ఆరో పీఠాధిపతి. 1945లో పోయారు. ఆయన కాలంలోనూ, తర్వాత కూడా ఆ పీఠానికి శిష్యులు ఎవరయ్యా అంటే అన్ని కులాల హిందువులు, వేలల్లో. ఒక ముస్లిం ఇంటి మనిషిని సద్గురువన్నారు. వాళ్ళని ఎవరూ తాబేదార్లనలేదు, అనకూడదు కూడా. సూఫీల భాషలో శిష్యుణ్ణి మురీద్ అంటారు. ఆ మాటకి అసలర్థం కోరుకున్నవాడని. ఎవరో వెనక నెట్టగా నడిచేవాడు కాదు, తనంత తాను సంకల్పించుకున్నవాడు. తన దారి తాను కోరుకునే హక్కు పిఠాపురం శిష్యుడికి ఉన్నట్టే నమాజుకి నిలబడ్డ మాకూ ఉండాలి కదా. మావాళ్ళలో కొందరికి ఆ పీఠం పేరెత్తితే మొహం ముడుచుకుపోతుందని మాకు తెలుసు. ఇది ఎక్కడి ఇస్లామని అడుగుతారు. గోదావరి జిల్లాల్లో పుట్టిన ఇస్లాం. తెలుగు పద్యంలో మాట్లాడింది.

ఈ మాట వచ్చింది కాబట్టి మా ఇంటి సంగతి కూడా చెప్పుకోవాలి. బయటివాళ్ళకి లోకువవుతామని ఎంతకాలం దాచిపెడతాం?

మా ఫిఖాలో ముఖల్లిద్ అనే మాట ఉంది. ఒక ఇమాము చెప్పిన ధర్మశాస్త్రాన్ని అనుసరించేవాడని అర్థం. తెలుగు ముస్లిములలో ఎక్కువమంది ఇమాం అబూ హనీఫా దారివాళ్ళు. 'తక్లీద్' అన్న మాట 'ఖిలాదా'లోంచి వచ్చింది. మెడలో వేసే హారం, లేదా పట్టీ. హారమో పట్టీయో వేసుకున్నవాడికి తెలియాలి. మహాపండితుల మీద గౌరవంతో వేసుకుంటే హారం. మా పేటలో నాలుగు పుస్తకాలు తిరగేసిన ప్రతి పెద్దమనిషి చేతికీ దాని కొస అందిస్తే పట్టీ. ఖురాన్ రెండో సూరా 170వ ఆయత్ చదువుకున్నవాళ్ళు గుర్తు చేసుకోండి. తాతలు నడిచిన దారి తప్ప మాకు ఇంకోటి వద్దన్నవాళ్ళని, మీ తాతలకి తెలివి లేకపోయినా వాళ్ళ వెంటే పోతారా అని అక్కడ నిలదీస్తుంది. అక్కడ వాడిన క్రియ కూడా ఈ తాబే ధాతువే. అంటే వెంట నడవమని చెప్పిన గ్రంథమే ఎవరి వెంట, ఎందుకు అని అడగమంది. అడిగితే కాఫిరు ముద్ర వేసేవాళ్ళు ఆ ఆయత్‌ని ఎలా చదువుతున్నారో?

ఆడవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి మా ఇళ్ళలో కూడా తాబేదార్ అన్న మాట రంగు మారిపోతుంది. సంబంధాలు మాట్లాడేటప్పుడు పిల్లకి ఇచ్చే యోగ్యతా పత్రమిది. 'లడ్కీ బహుత్ తాబేదార్ హై'. చెప్పినట్టు వింటుంది, ఎదురు మాట్లాడదు. కొడుకు తాబేదార్ అంటే తల్లిదండ్రుల్ని చూసుకునేవాడు, భార్య తాబేదార్ అంటే నోరు లేనిది. 1985లో సుప్రీం కోర్టు షాబానోకి భరణం ఇమ్మన్నప్పుడు ఊరూరా సభలు పెట్టి షరియత్ ప్రమాదంలో పడిందన్నారు. ఆ సభల్లో వేదిక మీద ఎంతమంది ఆడవాళ్ళున్నారు? 1986లో రాజీవ్ గాంధీ ప్రభుత్వం చట్టం తెచ్చి పెద్దమనుషుల్ని సంతోషపెట్టింది. 2017 ఆగస్టు 22న ఒక్క ఊపులో చెప్పే మూడు తలాకులు చెల్లవని సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది, 2019లో మోదీ ప్రభుత్వం దాన్ని జైలు శిక్ష పడే నేరం చేసింది. మొదటిసారి మౌల్వీల్ని అడిగారు, రెండోసారి ఎవర్నీ అడగలేదు. రెండుసార్లూ మా అక్కచెల్లెళ్ళు తాబేదార్లుగానే ఉండాలనుకున్నారు, ఒకసారి జమాతుకి, ఒకసారి సర్కారుకి. కోర్టు మెట్లెక్కింది మాత్రం వాళ్ళే. షాబానో, షాయరా బానో. సయీద్ ఇబ్న్ ముసయ్యబ్ వారసులెవరని మమ్మల్ని అడిగితే ఈ ఇద్దరి పేర్లే చెబుతాం.

లౌకిక మిత్రులు ఇది చదివి తల ఊపుతూ ఉంటారు. ఆగండి. మీ దగ్గరికీ రావాలి. మీ పార్టీల్లో మాకు ఇచ్చిన చోటేమిటి? డెల్టా పట్టణాల్లో ఎన్నికలొస్తే మైనారిటీ సెల్ అని ఒకటి తయారవుతుంది. రంజాన్ నెలలో ఇఫ్తార్ విందు, నాయకుడి తల మీద టోపీ, పక్కన ఖర్జూరపు పళ్లెం, మర్నాడు ఫోటో. "మన సాయిబులు మన వెంటే ఉంటారు" అని ధీమా. ఏం, ముందెందుకు ఉండకూడదు? మునిసిపల్ వార్డు దాటి టికెట్ అడిగితే "మీ ఓట్లెన్ని" అంటారు. ఓట్లు తక్కువ కాబట్టి ముందు నడవకూడదు, ఓట్లు పడాలి కాబట్టి వెనక రావాలి. పాకిస్తాన్ తాబేదార్లని ఒకరు తిడతారు, మా తాబేదార్లని ఇంకొకరు మురుస్తారు. ఈ రెండో వాళ్ళకి మేమేదో రుణపడి ఉన్నామని కూడా అనుకుంటారు.

2020 మార్చి చివర్లో ఏం జరిగిందో గుర్తుందా? ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్‌కి వెళ్ళొచ్చినవాళ్ళ కోసం ఊళ్ళలో వేట మొదలైంది. రోగం అంటుకున్న మనిషికి తెలుగులో రోగి అని పేరుంది. మావాళ్ళకి ఆ పేరు రాలేదు. మర్కజ్ వాళ్ళయ్యారు. కరోనా జిహాద్ అన్న మాట టీవీల్లో తిరిగింది. కూరగాయల బండి తోసుకునే ముసలాయన కూడా ఎవరి మనిషో చెప్పుకోవలసి వచ్చింది. ఆ ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి, ఆ సమావేశానికొచ్చిన విదేశీయుల్ని బలిపశువుల్ని చేశారని రాసి కేసులు కొట్టేసింది. ఆ వార్త లోపలి పేజీల్లో ఒక మూల వచ్చి పోయింది. వేట వార్తలు మొదటి పేజీలో రోజుల తరబడి నడిచాయి. మా మిత్రులు చాలామంది అప్పుడు మౌనంగా ఉన్నారు. అభ్యుదయ రచయితల మౌనానికి ఏం పేరు పెట్టాలో మాకు తెలియదు. తాబేదారీ అని మాత్రం మేము అనం. ఆ మాటని తిట్టుగా వాడకూడదనుకున్నాం కదా.

మేము కోరేది నిఘంటువు సంస్కరణ కాదు. డెస్కు మీద జరిగే పని. ఉర్దూలో ఒక మనిషి 'హమ్ ఖానూన్ కే తాబే హైఁ' అంటాడు. తెలుగులో రాయవలసింది 'మేము చట్టానికి కట్టుబడినవాళ్ళం' అని. 'ఖురాన్, సున్నత్ కే తాబే' అంటే 'ఖురాన్‌కీ, ప్రవక్త ఆచరణకీ కట్టుబడినవాళ్ళు'. తెలుగులో ఈ చక్కటి మాట ఉంది, వాడండి. అక్కడ తాబేదార్లు అని దించితే అది తర్జుమా కాదు, నేరారోపణ. ఇంకోటి, మహమ్మదీయులని రాయడం మానండి. దొరలు క్రైస్తవుల్ని చూసి మాకు కట్టిన పేరది, గురువు పేరు మీద. మేము ప్రవక్తను ఆరాధించేవాళ్ళం కాము. మా పేరు ముస్లిం, అల్లాకి తలవంచినవాడని. తల వంచడానికి ఒక్క చోటు పెట్టుకున్నవాళ్ళం. ఇంకెక్కడా వంచమని మమ్మల్ని అడగొద్దు.

రాజకీయాల పేజీలో ఎవరినైనా తాబేదారనాలనిపిస్తే, ఆ మాట కొట్టేసి, ఆ పెద్దమనిషి ఎవరి దగ్గర ఏ కాంట్రాక్టు తీసుకున్నాడో, ఏ ఇసుక రేవు పాడుకున్నాడో, దానికి బదులుగా ఏ ఫైలు మీద సంతకం చేశాడో రాయండి. రెండు వాక్యాలు ఎక్కువవుతాయి. చోటు చాలకపోతే ఇఫ్తార్ ఫోటో తీసెయ్యండి.